గడువు ఎవరికి?

ఉద్యోగం పోయినవాళ్ళకు భృతి ఎన్నాళ్ళలో చేతికందాలి? అమెరికా ఈ ప్రశ్నకు జవాబు 1935లోనే రాసిపెట్టుకుంది. ఆ ఏడాది ఆగస్టులో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సామాజిక భద్రతా చట్టం, నిరుద్యోగ బీమా నడిపే రాష్ట్రాలకు ఒక షరతు పెట్టింది. ఇవ్వాల్సిన సొమ్మును, ఇవ్వాల్సిన సమయానికి, పూర్తిగా ఇచ్చే ఏర్పాటు ఉండాలి. అలా ఉంటేనే ఆఫీసుల ఖర్చుకు కేంద్రం డబ్బిస్తుంది. ఆ సమయం ఎంతన్నది తర్వాత కార్మిక శాఖ రోజుల్లో చెప్పింది: తొలి చెల్లింపుల్లో 87 శాతం, రాష్ట్రాన్ని బట్టి 14 లేక 21 రోజుల్లోపు వెళ్ళాలి. 1971లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. అర్హత ఉందని ఒకసారి తేలాక, యజమాని అప్పీలుకు వెళ్ళాడన్న సాకుతో చెల్లింపు ఆపకూడదంది. జీతం ఆగిన రోజుల్లో చేతికి రావడం కోసమే కదా ఈ సొమ్ము పెట్టింది అన్నది కోర్టు తర్కం.

కాగితం మీద ఇంతకన్నా గట్టి మాట ఉండదు. కానీ ఆ 87 శాతంలో పడని మిగతా 13 శాతం మంది సంగతేమిటి? ఏమీ లేదు. లక్ష్యం తప్పిన రాష్ట్రం దిద్దుబాటు ప్రణాళిక ఒకటి రాసి పైకి పంపుతుంది. ఆలస్యమైన భృతికి వడ్డీ అంటూ సాధారణంగా రాదు. అదే, క్లెయిమ్ పెట్టిన మనిషి తాను ఇంకా నిరుద్యోగినేనని చేయాల్సిన ధ్రువీకరణ మరిచిపోతే ఆ వారాల సొమ్ముకు ఎసరొస్తుంది. అప్పీలు గడువు దాటితే కేసే పోవచ్చు. నిరుద్యోగ భృతి ఆలస్యాల మీద వచ్చిన ఆడిట్లు, కోర్టు తీర్పులు, పరిశోధనలు దేశాలవారీగా చూస్తూపోతే ఈ తేడాయే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అడిగేవాళ్ళకు గడువు శాసనం, ఇచ్చేవాళ్ళకు అది లక్ష్యం మాత్రమే. సర్వర్లు, పాత సాఫ్ట్‌వేర్, సిబ్బంది కొరత అని చెప్పే కారణాలు అబద్ధాలేమీ కావు. కానీ వాటిని అలా వదిలేయగలిగింది ఆలస్యం ఖరీదు ఆఫీసు మీద పడదు కాబట్టే.

అమెరికాలో నిరుద్యోగ బీమా ఒక్కటి కాదు, 53 ఉన్నాయి. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టో రికో, వర్జిన్ ఐలాండ్స్ దేని పద్ధతి దానిదే. డబ్బు దాదాపుగా యజమానులు కట్టే పన్ను నుంచి వస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. ఏ కంపెనీ మాజీ ఉద్యోగులు ఎక్కువగా భృతి తీసుకుంటారో ఆ కంపెనీ పన్ను రేటు పెరుగుతుంది. అయినదానికీ కానిదానికీ జనాన్ని తీసేయకుండా ఉంటారన్నది ఉద్దేశం. జరిగేది వేరు. మేం తీసేయలేదు, తనే మానేశాడనో, తప్పుచేసి పోయాడనో కంపెనీ కొర్రీ పెడుతుంది. కంపెనీల తరఫున ఈ కొర్రీలు రాసిపెట్టడమే వృత్తిగా బతికే సంస్థలు కూడా అక్కడ ఉన్నాయి. కొర్రీ పడ్డ క్లెయిమ్‌ను ఎవరో ఒకరు కూర్చుని విచారించాలి. ఆ విచారించేవాళ్ళ జీతాలకు కేంద్రం ఇచ్చే నిధి పని భారాన్ని బట్టి లెక్కవేస్తారు. మంచి రోజుల్లో క్లెయిమ్‌లు తగ్గుతాయి, దాంతో నిధీ తగ్గుతుంది, సిబ్బందీ తగ్గుతారు. ఎండాకాలం నీటిని కొలిచి కాలువ తవ్వినట్టు, వరద వచ్చే నాటికి వ్యవస్థ అతి సన్నగా ఉంటుంది.

ఆ వరద 2020 మార్చిలో వచ్చింది. అంతకుముందు ఒకే వారంలో వచ్చిన అత్యధిక కొత్త క్లెయిమ్‌లు 1982 నాటి 6,95,000. 2020 మార్చి 21తో ముగిసిన వారంలో దాదాపు 33 లక్షలు, ఆ తర్వాతి వారంలో 66 లక్షలకు పైన వచ్చాయి. మార్చి 27న చేసిన కేర్స్ చట్టం వారానికి అదనంగా 600 డాలర్లు కలిపింది. ఆ 600 ఎలా పుట్టిందన్నది చిత్రమైన సంగతి. ఎవరి జీతం ఎంతో దాన్ని పూర్తిగా భర్తీ చేయాలన్నది చట్టసభ సభ్యుల్లో చాలామంది మొదటి ఆలోచన. మనిషి మనిషికీ వేరు లెక్క వేయడం రాష్ట్రాల కంప్యూటర్లకు చేతకాదని కార్మిక శాఖ చెప్పింది. దాంతో సగటు జీతానికీ సగటు భృతికీ ఉన్న తేడా చూసి అందరికీ ఒకే అంకె వేశారు. తక్కువ జీతగాళ్ళకు ఉద్యోగంలో ఉన్నప్పటికన్నా ఎక్కువ వస్తోందని తర్వాత పెద్ద రాద్ధాంతమే జరిగింది. దానికి మూలం కంప్యూటర్ చేతకానితనం.

అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ, కోబాల్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే సాయానికి రండని పిలుపునిచ్చారు. 1959లో పుట్టిన ఆ కంప్యూటర్ భాష ఒక్కసారిగా వార్తల్లోకెక్కింది. అమీర్‌పేటలో ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసినవాళ్ళకు ఆ వార్త చదివి నవ్వొచ్చి ఉంటుంది. అయితే ముసలి కంప్యూటర్ మీద నెపం వేయడంలో ఒక సుఖముంది. అది ఎవరి తప్పూ కాదు, వయసు తప్పు. కూలిపడింది అడుగునున్న కోబాల్ కాదని, దాని ముందు కొత్తగా కట్టిన వెబ్ పేజీల భాగమని కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్ళు తర్వాత వాదించారు. పాతదనమే కారణమైతే, 2013 అక్టోబరులో సరికొత్తగా మొదలైన ఫ్లోరిడా, మిషిగన్ వ్యవస్థల సంగతి ఏం చెప్పాలి?

ఫ్లోరిడా 2011లో చట్టం మార్చి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలంది. దానికి తోడు 45 ప్రశ్నల నైపుణ్య పరీక్ష పెట్టింది. ఆ పరీక్ష, ఆ ఆన్‌లైన్ నిబంధన ఇంగ్లిషు అంతగా రానివాళ్ళ, వికలాంగుల పౌరహక్కులకు భంగమని కేంద్ర కార్మిక శాఖ విభాగమే 2013లో తేల్చింది. అదే ఏడాది దాదాపు 7.7 కోట్ల డాలర్ల ఖర్చుతో 'కనెక్ట్' అనే వ్యవస్థ మొదలైంది. దాని లోపాలను రాష్ట్ర ఆడిటర్లు ఒకటికి రెండుసార్లు రాశారు. మహమ్మారికి ముందు ఆ రాష్ట్రంలో పదిమంది నిరుద్యోగుల్లో భృతి అందుకుంటున్నది సుమారు ఒక్కరు. అందుకున్నవాళ్ళకైనా గరిష్ఠంగా వారానికి 275 డాలర్లు, 12 వారాలు. 2020 ఏప్రిల్‌లో వెబ్‌సైట్ చేతులెత్తేస్తే రాష్ట్రం కాగితం దరఖాస్తులు పంచింది. హైలియా నగరంలో గ్రంథాలయం ముందు ఆ ఫారాల కోసం, కరోనా భయం మధ్య, వందలమంది బారులు తీరారు. ఆగస్టులో గవర్నర్ డిసాంటిస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, జనం విసిగి మానుకునేలా అర్థంలేని అడ్డంకులతో ఈ వ్యవస్థను కట్టారని చెప్పారు. కట్టించింది తన పార్టీకే చెందిన పాత గవర్నర్ హయాంలో. అధికారంలో ఉన్న మనిషి ఇంత సూటిగా ఒప్పుకోవడం అరుదు. నా మటుకు నాకు ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం అదే.

మిషిగన్‌లో జరిగింది ఇంకా లోతైనది. సుమారు 4.7 కోట్ల డాలర్ల 'మైడాస్' అక్కడ భృతి ఇవ్వడంతో పాటు మోసాలు పట్టే పని కూడా సొంతంగా చేసింది. యజమాని మూడు నెలలకోసారి పంపే జీతాల లెక్కను అది వారాలకు సమానంగా పంచేసేది. ఒక మనిషి జనవరి, ఫిబ్రవరుల్లో పనిచేసి మార్చిలో ఉద్యోగం పోయి భృతి తీసుకున్నాడనుకోండి. ఈ పంపకంలో మార్చిలోనూ జీతం తీసుకున్నట్టు తేలుతుంది. అంటే మోసం. వెంటనే ఒక ప్రశ్నావళి అతని ఆన్‌లైన్ ఖాతాకు వెళ్తుంది. కొత్త ఉద్యోగం దొరికి నెలలు దాటిన మనిషి ఆ ఖాతా తెరిచి ఎందుకు చూస్తాడు? పది రోజుల్లో జవాబు రాకపోతే నేరం ఒప్పుకున్నట్టే లెక్క. తీసుకున్నది కక్కడమే కాక దానికి నాలుగు రెట్ల జరిమానా, పైన వడ్డీ. జీతంలోంచి కోత పడేది, పన్ను రిఫండ్ ఆగిపోయేది. 2013 అక్టోబరు నుంచి 2015 దాకా దాదాపు 40,000 మందిపై ఇలా ముద్రపడింది. మనిషి చేయి పడకుండా యంత్రమే తేల్చిన 22,000 పైచిలుకు కేసులను తర్వాత మళ్ళీ చూస్తే 93 శాతం తప్పని తేలింది. దివాలా తీసినవాళ్ళున్నారు, ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 2 కోట్ల డాలర్ల పరిహారానికి రాష్ట్రం ఒప్పుకున్నది 2022లో. పది రోజుల గడువు దాటినవాళ్ళు ఆ తప్పు దిద్దించుకోవడానికి ఏడేళ్ళు పట్టింది.

ఇదే లెక్కను ఇంతకన్నా పెద్ద ఎత్తున చేసింది ఆస్ట్రేలియా. 'రోబోడెట్' అని జనం పేరుపెట్టిన ఆ పద్ధతిలో ఏడాది ఆదాయాన్ని పక్షాలకు సమానంగా పంచి, నిరుద్యోగ భృతి తీసుకున్నవాళ్ళతో సహా లక్షలమందికి బాకీ నోటీసులు పంపారు. బాకీ లేదని పాత జీతపు స్లిప్పులతో రుజువు చేసుకోవాల్సింది వాళ్ళే. ఇది చట్టప్రకారం నిలవదని 2019లో ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. 2023లో రాయల్ కమిషన్ నివేదిక అధికారులనూ మంత్రులనూ తీవ్రంగా తప్పుబట్టింది. రెండు ఖండాల్లో ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు ప్రభుత్వాలు ఒకే భాగహారం తప్పు చేశాయంటే, తప్పు గణితంలో లేదు. అనుమానం వచ్చిన చోట రుజువు భారం ఎవరి మీద పెట్టాలన్న నిర్ణయంలో ఉంది. అమెరికన్ పండితులు పమేలా హెర్డ్, డొనాల్డ్ మొయినిహన్ 2018లో ఒక పుస్తకమే రాశారు. దరఖాస్తులు, పత్రాలు, క్యూలు పెట్టే ఈ భారం చాలాచోట్ల తెలిసి చేసిన విధానమేనని వాళ్ళ వాదన. చట్టసభలో ఓటు వేసి భృతి రద్దు చేయడం కష్టం. ఫారం పొడుగు చేయడం తేలిక.

అయితే అనుమానం అంతా గాలిలోంచి పుట్టిందనడం కూడా న్యాయం కాదు. 2020లో దొంగ గుర్తింపులతో నిజంగానే పెద్ద దోపిడీ జరిగింది. మహమ్మారి కాలంలో నిరుద్యోగ బీమాలో మోసం 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2023లో అంచనా కట్టింది. కాలిఫోర్నియాలో ఈ భయం, బకాయిల కొండ రెండూ ఒకేసారి పెరిగాయి. 2020 సెప్టెంబరులో అక్కడ రెండు వారాలు కొత్త దరఖాస్తులే తీసుకోలేదు. అప్పుడు సర్దిపెట్టడానికి వెళ్ళిన బృందంలో ముఖ్యురాలు జెన్నిఫర్ పాల్కా తన అనుభవాన్ని 2023లో పుస్తకంగా తెచ్చారు. అందులో ఒక ఉద్యోగి, నేనిక్కడ కొత్తవాణ్ణి, నాకు సరిగా తెలియదు అంటూ ఉంటాడు. అతను చేరి 17 ఏళ్ళయింది. నిబంధనల మీద నిబంధనలు పేరుకుపోయి, వాటిని పూర్తిగా ఎరిగినవాళ్ళు కొద్దిమందే మిగిలిన చోట, వేలమంది కొత్తవాళ్ళను తెచ్చి కూర్చోబెడితే పని ఇంకా మందగించింది. ఉన్న ఆ కొద్దిమంది కొత్తవాళ్ళకు నేర్పడంలో మునిగిపోయారు. ఆ ఏడాది చివర్లో మోసం అనుమానంతో 14 లక్షల క్లెయిమ్‌లకు చెల్లింపు ఆపేశారు. తమ ముఖం ఫోన్ కెమెరాకు చూపించి, తాము తామేనని నిరూపించుకునే పని మళ్ళీ జనం మీదే పడింది.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి తొలి చెల్లింపు ఐదు వారాల తర్వాత రావడం లోపం కాదు, నియమమే. మొదట్లో ఆరు వారాలుండేది, విమర్శలకు తగ్గి 2018లో ఒక వారం తగ్గించారు. అంతవరకూ ఎలాగంటే అడ్వాన్సు ఇస్తారు, అది తర్వాతి చెల్లింపుల్లోంచి కోసుకుంటారు. ఆదుకోవాల్సిన పథకం మొదటి నెలలోనే అప్పు చేయిస్తోందన్నమాట. కానీ 2020లో ఆ వ్యవస్థ కూలిపోలేదు. మార్చి చివరి పక్షంలో సుమారు 9,50,000 దరఖాస్తులు వచ్చాయి. ఫోన్లు మోగిపోతుంటే భృతి చూసే శాఖ, మీరు మాకు ఫోన్ చేయకండి, అవసరమైతే మేమే చేస్తాం అని ప్రకటించింది. లైన్లో వేచి ఉండే పని జనం నుంచి ఆఫీసు మీదకు మారింది. చిన్న మార్పు. అమెరికా రాష్ట్రాల్లో తెల్లారకముందే లేచి రీడయల్ నొక్కుతూ కూర్చున్నవాళ్ళకు మాత్రం అది చిన్నదిగా కనిపించి ఉండదు.

ఇరుక్కున్నవాళ్ళు చేయగలిగిందేమిటి? సలహాలకు కొదవలేదు. ఫలానా నిమిషానికి ఫోన్ చేయండి, స్పానిష్ లైన్ నొక్కితే త్వరగా దొరుకుతారు, అర్ధరాత్రి లాగిన్ అవ్వండి. ఇవి లాటరీ టికెట్లు. ఒకరికి తగిలితే వందమంది పాటిస్తారు, ఆ వందమందితో అదీ మూసుకుపోతుంది. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. క్లెయిమ్ పెండింగ్‌లో ఉన్నా, తిరస్కరించినా, అప్పీలు నడుస్తున్నా ధ్రువీకరణలు మానకూడదు. చివరికి గెలిస్తే ఆ వారాలకే డబ్బు వస్తుంది. ఎప్పుడు ఏం పంపామో, ఎవరు ఏం చెప్పారో తేదీతో రాసుకోవాలి, తెరమీద కనిపించినదాన్ని ఫోటో తీసిపెట్టుకోవాలి. తిరస్కరణ ఉత్తరం వస్తే కారణం సబబుగా అనిపించినా గడువులోపు అప్పీలు వేయాలి. కాలిఫోర్నియాలో అప్పీలుకు వెళ్ళిన తిరస్కరణల్లో సగానికి పైగా తారుమారయ్యాయని ఆ రాష్ట్ర శాసనసభ విశ్లేషణ కార్యాలయమే 2022లో చెప్పింది. ఆఫీసు మొదటి జవాబు బొమ్మా బొరుసూ వేసినంత నమ్మకమైనదే అన్నమాట. ఇవేవీ కదలకపోతే నియోజకవర్గ ప్రతినిధి ఆఫీసుకు రాయడం అక్కడ మామూలు మార్గం. ఎమ్మెల్యేగారి సిఫారసు ఉత్తరం మనం కనిపెట్టింది అనుకుంటాం గానీ, 2020లో అమెరికాలో ఎన్నో ఇళ్ళకు భృతి పడింది ఆ దారినే. నిజానికి అది కూడా ఒక వ్యవస్థ వైఫల్యమే. ప్రతినిధిని పట్టుకోగలిగినవాడి ఫైలు పైకి వస్తే, పట్టుకోలేనివాడిది ఇంకాస్త కిందికి పోతుంది.

అక్కడి తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో చిక్కు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళ పేర కూడా యజమాని పన్ను కట్టినా, భృతికి ముఖ్య షరతు వేరే పనికి వెంటనే చేరగల స్థితిలో ఉండటం. వీసా ఒక కంపెనీకి కట్టేసి ఉంటుంది కాబట్టి చాలాచోట్ల ఆ తలుపు మూసినట్టే. వాళ్ళకు మిగిలేది కొత్త యజమానిని వెతుక్కునే 60 రోజుల వ్యవధి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకూ, పని అనుమతి ఉన్న హెచ్-4 జీవిత భాగస్వాములకూ ఆ అడ్డు లేదు. అయినా 2022, 2023 లేఆఫ్‌ల కాలంలో సంకోచించినవాళ్ళు చాలామంది. ప్రభుత్వ సాయం తీసుకుంటే పౌరసత్వానికి దెబ్బేమోనన్న భయం ఒకటి, నలుగురికీ తెలిస్తే నామోషీ అన్నది ఇంకొకటి. మొదటిది నిజం కాదు. ఇది ఉద్యోగం ద్వారా సంపాదించుకున్న బీమా, వలస చట్టం దీన్ని ప్రభుత్వంపై ఆధారపడటం కింద లెక్కగట్టదు. రెండోదానికి చట్టంలో మందు లేదు.

ఇక మన దేశం. మనకు నిరుద్యోగ భృతి అనగానే గుర్తొచ్చేది ఎన్నికల హామీ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న 'ముఖ్యమంత్రి యువనేస్తం' పేరుతో చదువుకున్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు మొదలై, మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆగిపోయింది. అది ఉద్యోగం దొరకనివాళ్ళకు ఇచ్చే సాయం. ఉన్న ఉద్యోగం పోయినవాళ్ళకు బీమా అనదగ్గది ఒకటి చాలాకాలంగా ఉందన్న సంగతి, ఆ బీమా కట్టేవాళ్ళలోనే ఎక్కువమందికి తెలియదు. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో పనిచేసే కార్మికుణ్ణి అడగండి. ఈఎస్‌ఐ అంటే సనత్‌నగర్ ఆస్పత్రి అంటాడు. అదే ఈఎస్‌ఐ కార్పొరేషన్ 2005 ఏప్రిల్ నుంచి, ఫ్యాక్టరీ మూతపడినా రిట్రెంచ్ చేసినా భృతి ఇస్తోంది. 2018 జులైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. జీవితంలో ఒక్కసారి, 90 రోజుల దాకా, సగటు వేతనంలో నాలుగోవంతు. అదీ ఉద్యోగం పోయిన మూడు నెలలు ఆగాక, పోగొట్టిన యజమాని ద్వారానే దరఖాస్తు పంపితే. వెళ్ళగొట్టినవాడి సంతకం తెమ్మనే ఈ షరతు ఎవరికి తట్టిందో గాని, పథకం మీద ఖర్చు కాకుండా చూడటానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఉండదు.

2020లో కరోనా దెబ్బకు ఆ షరతులు కదిలాయి. వేతనంలో నాలుగోవంతుగా ఉన్న భృతి సగానికి పెరిగింది, మూడు నెలల నిరీక్షణ 30 రోజులకు తగ్గింది, యజమానితో పనిలేకుండా నేరుగా శాఖా కార్యాలయంలో ఇవ్వొచ్చన్నారు. అయినా దరఖాస్తులు అనుకున్నట్టు కదల్లేదు. ఆన్‌లైన్‌లో నింపినదాన్ని ప్రింట్ తీసి, స్టాంపు పేపరు మీద అఫిడవిట్ జతచేసి ఆఫీసులో ఇవ్వాలి. లాక్‌డౌన్‌లో నోటరీ ఎక్కడ? ఆ అఫిడవిట్ అవసరం లేదని చెప్పడానికి నవంబరు దాకా పట్టింది. ఉద్యోగాలు పోయింది వేసవిలో.

సంఘటిత రంగంలో ఉన్నవాళ్ళకు ఆచరణలో నిరుద్యోగ భృతి అంటే వాళ్ళ పీఎఫ్ డబ్బే. సొంత సొమ్ము కాబట్టి గొడవుండదనుకుంటాం. 2022-23లో ఆఖరి సెటిల్‌మెంటు కోసం వచ్చిన క్లెయిమ్‌లలో దాదాపు మూడింట ఒకటి రిజెక్ట్ అయింది. ఐదేళ్ళ ముందు అది అందులో సగం కూడా లేదు. మోసాలు పెరిగి కాదు. పరిశీలన కంప్యూటర్‌కు అప్పగించాక, గుమస్తా కంటితో చూసి సర్దుకునే తేడాలు కొర్రీలయ్యాయి. ఈ విషయంలో తెలుగువాళ్ళకు ప్రత్యేక గండం ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, పీఎఫ్‌లో ఒక్క ఇంగ్లిషు అక్షరంగా మిగులుతుంది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషులో కేఎస్‌తో రాశారా, ఎక్స్‌తో రాశారా అన్నదాని మీద ఒక మనిషి పదేళ్ళ పొదుపు ఆగిపోతుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళ పాట్లు చెప్పనక్కరలేదు. కాంట్రాక్టరు కింద సెక్యూరిటీలోనో హౌస్‌కీపింగ్‌లోనో పనిచేసినవాళ్ళకైతే, పేరు సరిచేస్తూ సంతకం పెట్టాల్సిన ఆ కాంట్రాక్టరే ఇప్పుడు అడ్రసు లేడు. దాంతో ఇంటర్నెట్ సెంటర్లలో పీఎఫ్ తెప్పించిపెడతామనే బోర్డులు లేచాయి. ఉచితంగా పెట్టుకోవాల్సిన క్లెయిమ్‌కు కమీషన్ ఇచ్చుకోవాలి, పాస్‌వర్డు పరాయివాళ్ళ చేతిలో పెట్టాలి.

కొన్ని ముళ్ళు ఈమధ్య తీశారు. ఉద్యోగం మానిన తేదీని యజమాని వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యులే వేసుకునే వీలు 2020లో వచ్చింది. ఆధార్‌తో సరిపోలిన కొత్త ఖాతాల్లో పేరు, పుట్టినతేదీ యజమానితో పనిలేకుండా మార్చుకునే వీలు 2025 జనవరిలో, చెక్కు ఫోటో జతచేసే బాధ తప్పడం ఏప్రిల్‌లో జరిగాయి. వీటిలో ఏదీ గొప్ప సాంకేతిక విజయం కాదు, అడగడం మానేశారంతే. అందుకే ఉద్యోగంలో ఉండగానే ఒక గంట కూర్చుని ఆధార్, పాన్, పీఎఫ్‌లలో పేరు సరిచూసుకోవడం, ఉద్యోగం పోయాక నెలల తరబడి తిరగడం కన్నా నయం. 2025 అక్టోబరు 13న పీఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలి చేసిన నిర్ణయం మాత్రం రెండంచులది. ఉద్యోగం పోగానే 75 శాతం తీసుకోవచ్చన్నారు. మొత్తం తీసుకోవడానికి అంతవరకూ ఉన్న రెండు నెలల నిరీక్షణను 12 నెలలు చేశారు.

పీఎఫ్ నిబంధనల్లో ఒక అరుదైన వాక్యముంది. అన్ని పత్రాలూ సరిగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో పరిష్కరించాలి, కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఏటా 12 శాతం చొప్పున అపరాధ వడ్డీని కమిషనర్ జీతంలోంచి కోయవచ్చు. గడువు ఆఫీసు మెడకు తగిలించిన నిబంధన ఇలా ఎక్కడో ఒకటి దొరుకుతుంది. ఇందులో కోయవచ్చు అన్నారే గాని కోయాలి అనలేదు. పత్రాలు సరిగా లేవని ఒక కొర్రీ వేస్తే ఆ 20 రోజుల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. రిజెక్షన్లు పెరగడానికి ఇదీ ఒక కారణమని చెప్పలేను గాని, పంతొమ్మిదో రోజున కొర్రీ పెట్టేవాడికి లాభమే తప్ప నష్టం లేదు. కొర్రీ వచ్చినప్పుడు కారణాలన్నీ ఒకేసారి రాతపూర్వకంగా అడగడం, జవాబును ఫిర్యాదుల పోర్టల్‌లో నంబరుతో సహా పెట్టడం అందుకే ముఖ్యం.

పల్లెల్లో కరువు పని అని పిలిచే ఉపాధి హామీలో గడువు సంగతి ఇంకా స్పష్టంగా రాశారు. 2005 చట్టం 7వ సెక్షన్, పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలంది. మొదటి 30 రోజులు కూలిలో నాలుగోవంతు, ఆ తర్వాత సగం, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చుతో. దేశమంతటా ఆ భృతి దక్కినవాళ్ళు అతి కొద్దిమంది. పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు ఇస్తేనే కదా 15 రోజులు లెక్కకొచ్చేది? ఆ రసీదు ఇవ్వకపోతే చాలు. చేసిన పనికి కూలి ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారమన్నారు. వారం కూలి 1,200 అనుకుంటే రోజుకు 60 పైసలు. ఆ పరిహారమైనా మండల స్థాయిలో బిల్లు తయారయ్యేదాకా జరిగిన ఆలస్యానికే లెక్కగట్టి, ఆ తర్వాత కేంద్రం నిధులు వదలడంలో జరిగిన జాప్యాన్ని వదిలేస్తున్నారని రాజేంద్రన్ నారాయణన్ తదితరుల పరిశోధన బయటపెట్టింది. ఆ భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

టెక్నాలజీ వల్ల ఆలస్యం తగ్గదా అంటే, తగ్గుతుంది. గట్టి రుజువు మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీలకు, పింఛనుదారులకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ఇచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాల్లో అధ్యయనం చేశారు. కూలి తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 22 నిమిషాలు తగ్గింది, పనిచేసిన నాటినుంచి డబ్బు అందే వ్యవధీ తగ్గింది, మధ్యలో కారిపోవడం కూడా తగ్గింది. అయితే అక్కడ కార్డు లేనివాళ్ళకు పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. కొత్త దారి తెరిచారు, పాతది మూయలేదు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీలో ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేసినప్పుడు పాటించనిది ఆ ఒక్క జాగ్రత్తే.

ఆ పరిశోధకులే మరొకరితో కలిసి 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో ఇంకో పని చేశారు. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే ఒక మాట చెప్పారు: చెక్కు అందిందా, ఎప్పుడు అందిందని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం, మీ పనితీరు దాన్ని బట్టి చూస్తాం. ఆ మండలాల్లో చెక్కులు వేళకు అందడం కొంత పెరిగింది. పెరుగుదల పెద్దదేమీ కాదు, ఖర్చు అంతకన్నా చాలా తక్కువ. పంపారా అని ఆఫీసును అడిగే బదులు అందిందా అని మనిషిని అడిగారు, అంతే తేడా. పీఎఫ్ క్లెయిమ్ పెట్టినవాళ్ళ ఫోన్ నంబర్లు ఆ సంస్థ దగ్గర ఎలాగూ ఉన్నాయి, ఓటీపీ వచ్చేది వాటికే. ఈఎస్‌ఐ శాఖా కార్యాలయాల దగ్గరా ఉన్నాయి. ఇరవై ఒకటో రోజున ఆ నంబర్లకు ఒక ఫోన్ వెళ్ళి, వచ్చిన జవాబు కమిషనర్ పనితీరు పట్టికలో పడేలా చూడటానికి కొత్త చట్టం అక్కర్లేదు.